బొమ్మల మాస్టారి జవాబులు: బాగ్దాద్ తలపాగా, బొంబాయి షావుకారు

పోయిన సంచికలో పేజీ మూల ఖాళీ ఉందని ఒక చిన్న బొమ్మ వేశాం. 19వ శతాబ్దపు ఆయిల్ పెయింటింగ్. కింద "డేవిడ్ ససూన్, బొంబాయి యూదు వర్తకుడు" అని ఒక్క ముక్క. అంతే, ఈసారి ఉత్తరాలన్నీ ఆ పెద్దాయన మీదే. మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

మాస్టారూ, ఆ బొమ్మలో తలపాగా, పొడుగు అంగీ, గడ్డం చూసి మా ఇంట్లో అందరూ అరబ్బు షేకు అన్నారు. యూదుడని మీరు రాశారు. మరి ఆ వేషం ఏమిటి? ఇంగ్లీషు వాళ్ల దగ్గర మెప్పు కోసం వేసుకున్నాడా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

మీ ఇంట్లోవాళ్లు మరీ తప్పేం అనలేదమ్మా. ఆయన తండ్రిని బాగ్దాద్‌లో షేక్ ససూన్ అనే పిలిచేవారు. అక్కడి పాషాల (తుర్కీ గవర్నర్ల) ఖజానా చూసే మనిషి, ఊళ్లోని యూదులందరికీ పెద్ద. బాగ్దాద్‌లో యూదులు నిన్న మొన్న వచ్చినవాళ్లు కారు. క్రీస్తు పూర్వం 6వ శతాబ్దంలో జెరూసలేం నుంచి బాబిలోనియాకు చెరపట్టి తీసుకెళ్లిన రోజుల నుంచీ ఆ ప్రాంతంలోనే ఉన్నారు. ఇంట్లో అరబీ మాట్లాడేవారు, ఊరివాళ్లు కట్టిందే కట్టేవారు. కాబట్టి అది వేషం కాదు, ఆయన బట్టలు.

డేవిడ్ 1792లో పుట్టాడు. దావూద్ పాషా ఏలుబడిలో డబ్బున్న యూదుల మీద ఒత్తిడి ఎక్కువైంది. పట్టుకోవడం, బంధించడం, సొమ్ము గుంజడం. ససూన్ కుటుంబం ఊరు విడిచి పర్షియా తీరంలోని బుషైర్ రేవు చేరింది. అంగీ మడతల్లో ముత్యాలు కుట్టుకుని పారిపోయాడని ఒక కథ చెప్పుకుంటారు. అలాంటి కథ లేని పెద్ద వ్యాపార కుటుంబం ఎక్కడైనా ఉంటే చెప్పండి! అక్కడి నుంచి 1832 ప్రాంతంలో బొంబాయి వచ్చాడు. అప్పటికే నలభై ఏళ్ల మనిషి. కొత్తగా జీవితం మొదలుపెట్టే వయసు కాదు, అయినా మొదలుపెట్టాడు.

ఇక మెప్పు సంగతి. అరబీ, హీబ్రూ, ఫార్సీ, తుర్కీ వచ్చు. ఇక్కడికి వచ్చాక హిందుస్తానీ నేర్చుకున్నాడు. ఇంగ్లీషు మాత్రం పట్టుబడలేదు. 1853లో బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నప్పుడు ఆ కాగితం మీద హీబ్రూ అక్షరాల్లో సంతకం చేశాడు. దొరల మెప్పే కావాలనుకుంటే ముందు ఆ సంతకం మార్చుకునేవాడు, తర్వాత కోటు కుట్టించుకునేవాడు. కొడుకులు ఇంగ్లీషు పద్ధతులు నేర్చుకుంటామంటే మాత్రం అడ్డు చెప్పలేదు. పెద్ద కొడుకు అబ్దుల్లా తర్వాత ఆల్బర్ట్ అయ్యాడు, ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాడు, 1890లో బారోనెట్ బిరుదు అందుకున్నాడు. తండ్రి మాత్రం తలపాగా దించలేదు.

నాకు అనిపించేది చెబుతాను. ఆ అంగీ ఆయన వ్యాపారానికి పెట్టుబడి. బుషైర్‌లో, బస్రాలో, బాగ్దాద్‌లో సరుకు పంపేవాడికి, హుండీ (డబ్బు చెల్లింపు పత్రం) రాసేవాడికి బొంబాయిలో తమ మనిషి ఉన్నాడని నమ్మకం కుదరాలి. కొట్లోకి వచ్చినవాడికి కుర్చీలో కోటు వేసుకున్న దొర కనిపిస్తే ఆ నమ్మకం రాదు. ఆయన కంపెనీ ఉత్తరాలు కూడా అలాగే నడిచాయి. భాష బాగ్దాద్ అరబీ, లిపి హీబ్రూ. అరబ్బుకు లిపి రాదు, దొరకు రెండూ రావు. మన షావుకార్లు కొనేవాడి ఎదుటే మారుభాషలో ధర చెప్పుకునేవారు కదా, అలాంటిదే.

ఆ కాలంలో ఇంగ్లీషు వాళ్లు కూడా తూర్పుదేశపు బట్టలు కట్టుకుని బొమ్మ వేయించుకునేవారు. కవి బైరన్ అల్బేనియా వేషంలో ఉన్న చిత్రం ప్రసిద్ధం. అందుకే ఇలాంటి బొమ్మ చూడగానే వేషమనే అనుమానం మనకు వస్తుంది. బైరన్ బొమ్మ పూర్తవగానే ఆ బట్టలు విప్పేశాడు. ససూన్ ఆ అంగీతోనే లేచి కొట్టుకు వెళ్లిపోయాడు.

సార్, ఆ చిత్రం గురించి నెట్‌లో వెతికితే "విలియం మెల్విల్‌దని భావిస్తున్నారు" అని ఉంది. వేసిందెవరో తెలియదా? చిత్రం కింద సంతకం ఉండదా?
— ఫైన్ ఆర్ట్స్ విద్యార్థి, హైదరాబాద్

మంచి ప్రశ్న బాబూ. పరీక్షలో రాదు, ఉద్యోగంలో రోజూ వస్తుంది. 2023లో న్యూయార్క్‌లోని జూయిష్ మ్యూజియం ససూన్ కుటుంబం మీద పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు ఈ చిత్రాన్నీ చూపించారు. చీటీ మీద పేరు అలాగే, "భావిస్తున్నారు" అనే రాశారు. అది పిరికితనం కాదు, పద్ధతి.

ఆ రోజుల్లో రేవు పట్టణాల్లో బొమ్మలు వేసేవాళ్లు ఓడల్లో తిరిగే మనుషులు. ఒక సీజన్ కలకత్తా, ఒక సీజన్ మద్రాసు, డబ్బు చేతిలో పడగానే ఇంకో రేవు. జార్జ్ చిన్నరీ సంగతే చూడు. 1802లో మద్రాసులో దిగాడు, తర్వాత బెంగాల్ వెళ్లాడు, అప్పులు నెత్తికి ఎక్కాక 1825లో చైనా తీరంలోని మకావుకు పారిపోయి చివరిదాకా అక్కడే ఉండిపోయాడు. చైనా రేవు కాంటన్‌లో లామ్‌క్వా అనే చైనా చిత్రకారుడు అచ్చం చిన్నరీ పద్ధతిలో వర్తకుల బొమ్మలు గీసి అమ్మేవాడు, అదీ దొరల రేటు కంటే తక్కువకు. ఇక ఏది ఎవరి చెయ్యో తేల్చడం మా బోటివాళ్ల తలనొప్పి. చాలామంది సంతకం పెట్టేవారే కారు. బొమ్మ ఎవరిదో ఇంట్లో అందరికీ తెలుసు, గీసింది ఎవరన్నది ఎవరికి కావాలి?

మరి మేం ఎలా చూస్తాం? ముందు గోడ మీంచి దించి తిరగేస్తాం. ముఖం కంటే వీపు ఎక్కువ నిజాలు చెబుతుంది. కాన్వాస్ అమ్మిన దుకాణం ముద్ర ఉండవచ్చు. లండన్‌లో విన్సర్ అండ్ న్యూటన్ కంపెనీ పెట్టింది 1832లో. అలాంటి ముద్ర కనబడితే బొమ్మ అంతకు ముందుది కాదని వెంటనే తేలిపోతుంది. మేకులు, చట్రం కొయ్య, అతికించిన వేలం చీటీలు అన్నీ సాక్ష్యమే. రంగుల సంగతి మరోటి. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు రంగు గొట్టానికి పేటెంటు తీసుకునేదాకా తయారైన రంగును పంది మూత్రాశయపు సంచుల్లో నింపి తీసుకెళ్లేవారు. బొంబాయి ఎండలో అవి ఎంతకాలం ఆగుతాయో ఊహించుకో.

ఆ తర్వాత చేతివాటం. గడ్డం దగ్గర ఆగి చూడు. నేర్పున్నవాడు తెల్లగడ్డాన్ని వెంట్రుక వెంట్రుకగా గియ్యడు. ముందు బూడిదరంగు ముద్ద ఒకటి పెడతాడు, అది తడిగా ఉండగానే తెలుపును పలచగా లాగుతాడు, చివర్న మాత్రం ఒకటి రెండు వెంట్రుకలు విడిగా తేలుస్తాడు. నేర్పు తక్కువైనవాడిది చీపురుకట్టలా కనబడుతుంది. తలపాగా మడతల్లోనూ అంతే. తెలుపు మీద నీడ వెయ్యడానికి నలుపు కలిపితే గుడ్డ మాసినట్టుంటుంది. నీలమో గోధుమో కలపాలి. మ్యూజియంలో పనిచేసిన రోజుల్లో కొత్తగా చేరిన పిల్లలకు నేను ముందు చూపించింది ముఖాలు కాదు, తలపాగాలే.

యూదుల మతంలో విగ్రహాలు, బొమ్మలు నిషిద్ధం కదండీ? ఆయన భక్తుడంటారు, మరి పటం ఎలా వేయించుకున్నాడు?
— రాజమహేంద్రవరం

నిషేధం పూజకు. దేవుడికి రూపం కట్టకూడదు, ఏ రూపానికీ మొక్కకూడదు. గోడ మీద నాన్నగారి పటం పెట్టుకోవడం దాని కిందికి రాదని ఎక్కువమంది చెప్పుకున్న అర్థం. 19వ శతాబ్దానికి మతగురువులైన రబ్బీలే పటాలు వేయించుకున్నారు. బైకులాలో ససూన్ కట్టించిన మాగెన్ డేవిడ్ ప్రార్థనా మందిరం లోపల మాత్రం ఆయన బొమ్మ కోసం వెతక్కండి.

పాలరాతి విగ్రహం ఒకటి ఉంది. ముంబై కాలా ఘోడాలో ఆయన పేరిట ఉన్న లైబ్రరీలోకి వెళ్తే ప్రవేశంలోనే ఎదురవుతుంది. చెక్కినవాడు థామస్ వూల్నర్. సిడ్నీలో కెప్టెన్ కుక్ విగ్రహం చేసిందీ ఈయనే. పైన మలాడ్ రాతి కమానులు, కింద తలపాగాతో పెద్దాయన, పక్కనుంచి పుస్తకాలు పట్టుకుని పోయే సీఏ పిల్లలు. పరీక్షల టెన్షన్‌లో వాళ్లెవరూ ఆయన్ని తలెత్తి చూడరు. వెనక తోటలో కుర్చీ దొరికితే మాత్రం వదలకండి.

దానధర్మాలు, లైబ్రరీ, ఆసుపత్రి అంటారు. కానీ ఈయన నల్లమందు వ్యాపారి అని మా మనవడు చెబుతున్నాడు. నిజమా? నిజమైతే ఆ బొమ్మ మన పత్రికలో వేయాల్సిన అవసరం ఏముంది?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కర్నూలు

మీ మనవడు చెప్పింది నిజం సార్. కొంచెం వివరంగా రాస్తాను.

కలకత్తా వైపు నల్లమందు ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం. బీహారు రైతుల దగ్గర తీసుకుని తనే వేలం వేసేది. మాళ్వా నల్లమందు అలా కాదు. మధ్య భారతంలోని సంస్థానాల్లో పండేది, బొంబాయి రేవుకు వచ్చేది, కంపెనీ దాని మీద సుంకం మాత్రం తీసుకునేది. ప్రైవేటు వర్తకుడికి సందు దొరికింది అక్కడే. ఒక్కో పెట్టె ఇంచుమించు అరవై కిలోలు. చైనాలో అది నిషిద్ధం. అయినా ఆంక్షలు దాటి పోతూనే ఉండేది. 1842లో మొదటి నల్లమందు యుద్ధం ముగిసి అయిదు రేవులు తెరుచుకున్నాయి. రెండేళ్లకే, 1844లో, ససూన్ తన రెండో కొడుకు ఎలియాస్‌ను చైనా పంపాడు. అప్పటికి ఆ వ్యాపారంలో బ్రిటిష్ వాళ్ల జార్డిన్ కంపెనీ ఉంది, జమ్‌షెడ్జీ జీజీభాయ్ లాంటి పార్శీలు సంపాదించేసి ఉన్నారు. ససూన్లు కొత్తగా చేసింది ఏమిటంటే, పంట చేతికి రాకముందే మాళ్వా వ్యాపారులకు అడ్వాన్సు ఇచ్చి సరుకు కట్టేసుకోవడం. మన మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులకు ఈ పద్ధతి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ రకంగా తక్కువ ధరకు సరుకు చేతికొచ్చింది. కొంతకాలానికి పాత కంపెనీలు పక్కకు తప్పుకున్నాయి.

నల్లమందు ఒక్కటే కాదు, పత్తి, నూలు, బట్ట కూడా. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోతే ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులు బొంబాయి వైపు చూశాయి. నిజాం 1853లో కంపెనీకి అప్పగించాల్సి వచ్చిన బేరార్ పత్తి కూడా ఈ రేవుకే పోయింది. హైదరాబాద్ ఖజానా పోగొట్టుకున్న నేల మీద బొంబాయి వర్తకులు బాగుపడ్డారన్నమాట.

ఇప్పుడు దానాలు. 1857లో చెడుదారి పట్టిన బాలలకు బొంబాయిలో సంస్కరణ శాల. బైకులా ప్రార్థనా మందిరం. లైబ్రరీకి 60,000 రూపాయలు, ఆ రోజుల లెక్కలో. పుణేలో ససూన్ ఆసుపత్రి. ఇది ఆయన పోయాక 1867లో పూర్తయింది, ఇవాళ్టికీ సర్కారు ఆసుపత్రిగా నడుస్తోంది. బాగ్దాద్ నుంచి వచ్చిన పేద యూదులకు పని, పిల్లలకు చదువు. 1864 నవంబర్ 7న పుణేలో కన్నుమూశాడు. సమాధి అక్కడే, జనం లాల్ దేవళ్ అని పిలిచే ఓహెల్ డేవిడ్ ఎర్ర ఇటుకల మందిరం ఆవరణలో.

దానం నిజం, నల్లమందూ నిజం. ఒకటి చెప్పి ఇంకోటి మింగెయ్యడం నాకు చేతకాదు. బొమ్మ వేయడం ఎందుకంటారా? ఆ బొమ్మలో నల్లమందు ఎక్కడా కనబడదు, అందుకే. ఆ కాలపు వర్తకుల పటాలు వరసగా పెట్టి చూడండి. ఓడ ఉంటుంది, పద్దు పుస్తకం ఉంటుంది, ఖరీదైన శాలువా ఉంటుంది. పెట్టెల్లో ఏముందో ఎవరూ గీయించుకోలేదు. తెలిసి చూస్తేనే ఆ లోటు పట్టుబడుతుంది. మీ మనవడు పట్టుకున్నాడు. కుర్రాణ్ణి కోప్పడకండి.

ఈ ఒక్క కుటుంబం మీదే నెపం వేయడానికి కూడా నేను సిద్ధంగా లేను. అది రాజ్యం నడిపిన వ్యాపారం. చైనాకు పంపడం ఏటేటా తగ్గిస్తామని బ్రిటన్ ఒప్పుకుంది 1907లో. అప్పటిదాకా భారత సర్కారు ఖజానాకు అందులోంచి వచ్చిన సొమ్ముతో కట్టినవి ఎన్ని ఉన్నాయో లెక్క తీస్తే, పేరుపలకలు మార్చాల్సిన భవనాలు ఒక్క బొంబాయిలోనే ఉండవు.

షాంపూ సీసాల మీద ఉండే విడాల్ ససూన్ వీళ్ల మనవడా?
— నంద్యాల

కాదమ్మా. ఆయన లండన్‌లో పుట్టిన పేదింటి పిల్లాడు, క్షవరం పనితో పైకొచ్చినవాడు. యూదుడే, ఇంటిపేరూ అదే, అంతవరకే. ఈ వంశంలో వేరే రంగంలో పేరు తెచ్చుకున్నవాడు కావాలంటే మొదటి ప్రపంచ యుద్ధం మీద చేదు కవిత్వం రాసిన సీగ్‌ఫ్రిడ్ ససూన్ ఉన్నాడు. డేవిడ్‌కు మునిమనవడు. ఆడవాళ్లలో ఫ్లోరా ససూన్. భర్త సాలమన్ 1894లో పోతే బొంబాయి కంపెనీ పగ్గాలు తనే పట్టుకుంది.

మన తెలుగువైపు ఇలాంటి యూదు వర్తకులు లేరా మాస్టారూ? కొచ్చి, ముంబై తప్ప ఎక్కడా వినలేదు.
— చెన్నైలో స్థిరపడిన నెల్లూరు పాఠకుడు

మీరున్న ఊళ్లోనే ఉన్నారండీ, అదీ ససూన్‌కు నూటయాభై ఏళ్ల ముందు. 17వ శతాబ్దంలో లండన్ నుంచి, పోర్చుగీసు మూలాలున్న యూదు వర్తకులు మద్రాసు కోటలో దిగారు. దేనికోసం? గోల్కొండ వజ్రాల కోసం. కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి గనుల్లో తవ్విన రాళ్లు కొని లండన్ పంపడం వాళ్ల పని. ఆ దారిలో మధ్యవర్తులుగా మన తెలుగు వర్తకులూ ఉన్నారు. 1688లో మద్రాసు కార్పొరేషన్ మొదలైనప్పుడు పన్నెండుమంది ఆల్డర్‌మెన్‌ (నగర సభ పెద్దలు)లో ముగ్గురు యూదు వర్తకులు. చిన వెంకటాద్రి అనే తెలుగాయన కూడా అదే బల్ల చుట్టూ కూర్చున్నాడు. ఊరి పెద్దరికం వర్తకుడికి దక్కడం ససూన్‌తో మొదలవలేదని ఇక్కడే తెలుస్తోంది. తర్వాత వజ్రాలు బ్రెజిల్‌లో దొరకడంతో ఆ వ్యాపారమూ పలచబడింది, ఆ మనుషులూ పలచబడ్డారు.

మా ముత్తాతగారు బర్మా రంగూన్‌లో కలప వ్యాపారం చేశారు. ఆయన ఆయిల్ పెయింటింగ్ ఇంట్లో ఉంది. బాగా నల్లబడింది. ఉల్లిపాయ సగం కోసి రుద్దితే కొత్తదానిలా వస్తుందని వీడియోలో చూపిస్తున్నారు. రుద్దమంటారా?
— కాకినాడ

ఆ ఉల్లిపాయ పులుసులో వేసుకోండి తల్లీ! బంగాళాదుంప, బ్రెడ్డు ముక్క, కొబ్బరినూనె కూడా వద్దు. ఉల్లి రసంలో నీరు, చక్కెర ఉంటాయి. నీరు పగుళ్ల గుండా లోపలికి పోయి జిగురు పూతను ఉబ్బిస్తుంది, రంగు పెచ్చులై లేస్తుంది. చక్కెర పైన మిగిలి చీమల్ని, బూజుని పిలుస్తుంది. కొబ్బరినూనె ఆరదు, దుమ్మును పట్టుకుని కూర్చుంటుంది.

నల్లబడింది రంగు కాకపోవచ్చు. పైన వార్నిష్ పూత పూస్తారు. డామర్ లాంటి చెట్టు బంకతో చేసేది. అది ఏళ్లు గడిచేకొద్దీ పసుపై, గోధుమై పోతుంది. దాని మీద దీపం పొగ, అగరుబత్తి పొగ చేరతాయి. పటానికి ఎదురుగా రోజూ ధూపం వేస్తున్నారేమో చూసుకోండి. వేస్తుంటే పటాన్ని కాస్త అవతలి గోడకు మార్చండి, ముత్తాతగారేమీ అనుకోరు.

ఇంట్లో మీరు చేయదగింది ఇది. రాత్రి లైట్లు ఆర్పి, టార్చి లైటును పటం పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. రంగు ఎక్కడైనా పొలుసుల్లా లేచి ఉంటే నీడ పడుతుంది. అలా ఉంటే ముట్టుకోవద్దు, బ్రష్ కూడా వద్దు. లేకపోతే మెత్తటి పొడి బ్రష్‌తో పైనుంచి కిందికి దుమ్ము దులపండి. నేరుగా ఎండ పడే గోడ, వానకు చెమ్మ వచ్చే గోడ రెండూ మార్చాలి. మీది సముద్రపు గాలి ఊరు కాబట్టి వెనక కొయ్య చట్రానికి, గోడకు మధ్య గాలి ఆడేలా కార్కు బిళ్లలు నాలుగు పెట్టండి.

వార్నిష్ తీసే పని నిపుణుడిది. వాళ్లు దూదిని పుల్లకు చుట్టి, ఒక మూల గోరంత జాగాలో పరీక్షించి గానీ ముందుకు పోరు. పైమురికికి కొన్నిసార్లు ఉమ్మే వాడతారంటే నవ్వకండి, నిజమే. ఉమ్మిలోని ఎంజైములు మురికిని మెల్లగా వదిలిస్తాయి. అది చూసి మీరు ఇంట్లో మొదలుపెట్టకండి! ముందు రెండు ఫోటోలు తీసి పంపండి: వెలుతురులో పటం ముఖం ఒకటి, వెనక వైపు మొత్తం ఒకటి. రంగూన్ దుకాణం ముద్ర ఏదైనా కనబడితే దాన్ని దగ్గరగా మూడోది.